ఆ బంగళాలో దెయ్యం... ఎవరి అమ్మ?

దెయ్యాల సినిమా అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? పాడుబడ్డ బంగళా, కిర్రుమనే తలుపు, గాలికి ఆరిపోయే దీపం, దూరంగా నక్క కూత... వీటన్నిటికన్నా ముందు ఉరుములు, మెరుపులు, కుండపోత వాన! వాన పడని దెయ్యం సినిమా మీరెన్ని చూశారో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

మా కదిరి వాళ్లను మాత్రం ఈ వానతో భయపెట్టడం కష్టం సుమా! మాది ఒకప్పటి అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. జిల్లా పేరు మారింది గానీ మబ్బు బుద్ధి మారలేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడితే పడినట్టు, లేకపోతే లేదు. దేశంలో జైసల్మేరు తర్వాత కరువు లెక్కలో మా పేరే చెబుతారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. తెర మీద బంగళాపై వాన దంచికొడుతుంటే, నా వెనక వరసలో కూర్చున్న ఒక శనక్కాయల రైతు "అబ్బా, ఏం వాన పడతాండాదప్పా!" అని మురిసిపోవడం నేను స్వయంగా విన్నాను. హీరోయిన్ కెవ్వుమనే లోపలే ఆయన మనసు చేనులోకి వెళ్లిపోయింది!

మరి మా వైపు దెయ్యాల కొంప అంటే ఎలా ఉంటుంది? బంగళా కాదు, కోట కాదు. తాళం పడిన మిద్దె. చేను ఎండి, బోరు ఎండి, ఇంటిల్లిపాదీ బెంగుళూరు బస్సెక్కిపోయిన ఇల్లు. లేదా అందరూ పోగా ఒక్క తల్లి మాత్రం "నేను రాను" అని మిగిలిపోయిన ఇల్లు. అలాంటి ఇల్లు ఒకటి నాకూ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు సినిమాల సంగతి చూద్దాం.

హీరోను వదిలి ఇంట్లోకి...

నలుపు-తెలుపు రోజుల్లో దెయ్యం హీరో కోసం వచ్చేది. ‘మహల్’ (1949)లో మధుబాల, ‘వో కౌన్ థీ’ (1964)లో సాధన... అర్ధరాత్రి పాట పాడుతూ హీరోను మంచులోకి, చీకట్లోకి లాక్కుపోయేవారు. చివరి రీలులో తీరా చూస్తే దెయ్యమూ లేదు, పిశాచమూ లేదు, మామూలు ఆడపిల్లే అని తేలేది. ప్రేక్షకుడు ‘హమ్మయ్య’ అనుకుని ఇంటికి పోయి హాయిగా నిద్రపోయేవాడు.

1973లో ‘ఎక్సార్సిస్ట్’ వచ్చింది. ఆ చిత్రంతో దెయ్యం చిరునామా మారిపోయింది. అది హీరోను వదిలేసి నేరుగా ఇంట్లోకి, పిల్ల పడుకున్న గదిలోకి వచ్చి కూర్చుంది. ఆ కథలో తండ్రి ఇంట్లో ఉండడు. పన్నెండేళ్ల కూతురు, సినిమా నటి అయిన తల్లి... ఇద్దరే. కూతురు మంచం మీద కట్టేసి ఉంటే తల్లి డాక్టర్ల చుట్టూ, ఆఖరికి ఫాదరీల చుట్టూ తిరుగుతుంది. మీరు గమనించారో లేదో, అందులో అసలు భయం దెయ్యం మొహంలో లేదు. "ఇది నా కూతురు కాదు" అని తల్లికి అనిపించే క్షణంలో ఉంది.

మన తెలుగు పాఠకులకు ఆ భయాన్ని ఇంటింటికీ అందించింది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో పాఠకులు వారం వారం ఎదురుచూసి చదివారట. లేకలేక పుట్టిన చిన్నపిల్ల తులసి, ఆమె మీద చేతబడి, పక్కనే కుమిలిపోయే అమ్మానాన్నలు... ఆ నవలను చీల్చి చెండాడుతూ రంగనాయకమ్మ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఎవరి పక్షం న్యాయమో ఇక్కడ తేల్చబోవడం లేదు. నేను చెప్పేదల్లా ఒకటే, ‘కాష్మోరా’ అన్న మాట వింటే మా అమ్మ తరం ఆడవాళ్లు ఇప్పటికీ పక్కనున్న పిల్లను దగ్గరికి లాక్కుంటారు.

1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ తీశాడు. కొత్త ఇంట్లో దిగిన ఒక మామూలు కుటుంబం. కూతురు రేవతి, తల్లి రోహిణీ హట్టంగడి. అందులో కూతురు సినిమా హాలుకు వెళ్లే సీను గుర్తుందా? కిక్కిరిసి ఉన్న హాలు చూస్తుండగానే ఖాళీ! ఆ సీను చూశాక మ్యాట్నీకి ఒంటరిగా వెళ్లడం మానేసిన వాళ్లు నాకు తెలుసు. అయితే ఆ చిత్రంలో నన్ను వెంటాడింది మాత్రం ఇంట్లో దృశ్యాలే. వంటగదిలో పని చేసుకుంటూ తల్లి కూతురి వైపు చూసే చూపు. అడగాలని ఉంటుంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఏ మేకప్పూ అక్కర్లేని భయం అది. ఆడపిల్ల ఉన్న ప్రతి తల్లికీ తెలిసిందే కదూ?

హిందీ వైపు రామ్‌సే సోదరులది వేరే దారి. ‘పురానా మందిర్’ (1984)లో ఒక రాక్షసుడి శాపం వల్ల ఆ ఇంటి ఆడవాళ్లు కాన్పులోనే చనిపోతుంటారు. అందుకని తండ్రి కూతురి పెళ్లికే అడ్డం పడతాడు. చౌకబారు భయాల చిత్రమని విమర్శకులు కొట్టిపారేయవచ్చు గాక! మంత్రసాని తప్ప దిక్కులేని కాలంలో కాన్పంటే ఆడదానికి నిజంగానే పునర్జన్మ. తల్లి పోయిన విధంగానే కూతురూ పోతుందేమో అన్న భయానికి రాక్షసుడి వేషం వేశారు, అంతే.

జేజమ్మ రహస్యం

ఇక మన సొంత బంగళాకు వద్దాం. 2009 సంక్రాంతికి కోడి రామకృష్ణ దర్శకత్వంలో ‘అరుంధతి’ విడుదలైంది. నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి. కథ గద్వాల సంస్థానంలో జరిగినట్టు చూపించారు గానీ తెర మీద కనిపించిన ఆ బంగళా మా రాయలసీమదే. బనగానపల్లె నవాబుల బంగళా! మామిడిపండుకు పేరు మోసిన ఊరు ఆ చిత్రం తర్వాత ‘అరుంధతి కోట’కూ పేరు మోసింది. ఇప్పుడు నవాబు పేరు చెబితే ఎవరికీ తెలియదు, జేజమ్మ పేరు చెబితే ఆటోవాడు దింపి వస్తాడు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. హాలంతా పశుపతి గొంతుకు వణికిపోతుంటే, మా ఊరి ఆడపిల్లలం ఇంకో విషయానికి ఉలిక్కిపడ్డాం. ఇంట్లో అందరూ, ముసలి తాత కూడా, ఆ పడుచుపిల్లను ‘జేజమ్మా’ అని పిలుస్తున్నారు. సర్కారు జిల్లాల వాళ్లకు అది ఏదో రాజవంశపు బిరుదులా వినిపించి ఉండొచ్చు. మా వైపు అలా కాదు. జేజి అంటే నాయనమ్మ. రోజూ అన్నం కలిపి పెట్టే మనిషి. ఆ పిలుపును మనవరాలికి పెట్టడమంటే ఏమిటో మాకు వెంటనే అర్థమైంది.

మన ఇళ్లలో పోయిన పెద్దల పేరు పుట్టిన పిల్లకు పెడతాం. అంతటితో ఊరుకుంటామా? ఆ పేరు పెట్టాక ఆ పిల్లను తిట్టకూడదు. ఆ పేరుతో ‘ఒసే’ అనకూడదు. కొడుకు తన కూతురిలో తన తల్లిని చూసుకుని "మా అమ్మే మళ్లీ పుట్టింది" అంటాడు. అసలు తెలుగులో కూతుర్ని పిలిచే మాటే ‘అమ్మా’! "ఏం అమ్మా, అన్నం తిన్నావా?" "రా తల్లీ!" ఇంకే భాషలోనైనా తల్లీ కూతుళ్లు ఇంత సులువుగా చోటు మార్చుకుంటారా?

అందుకే ‘అరుంధతి’ మనకు పరాయి కథ అనిపించలేదు. ముత్తవ్వ తన ఎముకలనే ఆయుధంగా చేయమని ప్రాణం ఇచ్చి పోతుంది. ఆ ఆయుధం పట్టడానికి మళ్లీ ఆ ఇంట్లోనే ఆడపిల్ల పుట్టాలి. బంగళాతో పాటు పగ, పరువు, బాధ్యత... అన్నీ ఆ పిల్లకు ఆస్తిగా వచ్చాయి. మగపిల్లలకు పొలాలు రాస్తారు, ఆడపిల్లలకు పేర్లు రాస్తారు. అనుష్క కత్తి ఎత్తినప్పుడు ఈలలు వేశాం గానీ, "నాకు ఈ పేరు వద్దు తాతా" అనే హక్కు ఆ పిల్లకు ఉందా అని మాలో ఎవరూ అడగలేదు.

నా పేరు కూడా మా అమ్మమ్మదే. మా అమ్మ నన్ను ఆ పేరుతో పిలవగా నేను ఒక్కసారి కూడా వినలేదు. ‘అమ్మా’ అని కూడా పిలవదు. ‘పాపా’ అంటుంది. ముప్ఫై దాటిన నన్ను ఇప్పటికీ ‘పాపా’ అనే అంటుంది.

దాని కారణం నాకు ఒక సినిమా వల్ల తెలిసింది.

‘మసూద’ చూసిన రాత్రి

2022 నవంబరులో ‘మసూద’ వచ్చింది. దర్శకుడు సాయికిరణ్. బంగళా లేదు, కోట లేదు. హైదరాబాదులో మామూలు అద్దె ఫ్లాటు. సంగీత చేసిన నీలం పాత్ర ఒక స్కూల్లో సైన్సు టీచరు. కొట్టే మొగుడి నుంచి విడిపోయి కూతురు నాజియాతో ఉంటుంది. కూతుర్ని ఏదో ఆవహిస్తుంది. సైన్సు చెప్పే తల్లి పక్కింటి కుర్రాడి తలుపు తట్టి సాయం అడగాల్సి వస్తుంది. ఆ కుర్రాడిగా తిరువీర్ పడే భయం చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఇలాంటి కథల్లో హీరోలు భయపడరు, ఇతను మాత్రం మనలాగే వణుకుతాడు.

నేను హైదరాబాదులో ఉండి పత్రికలకు రాసుకుంటూ బతుకుతున్నాను. అమ్మ కదిరిలో ఒంటరిగా ఉంటుంది. నాన్న పోయి కొన్నేళ్లయింది. అది అమ్మ పుట్టిల్లు. ఒక్కతే కూతురు కాబట్టి నాన్న ఇల్లరికం వచ్చాడు. పాత మిద్దె, పెరట్లో ఒక బావి. బావిలో నీళ్లు చూసిన జ్ఞాపకం నాకు లేదు. నేను పుట్టేసరికే ఎండిపోయి పైన బండ పరిచేశారు.

ఆ సినిమా ఓటీటీలోకి వచ్చాక సెలవుల్లో ఇంటికి వెళ్లి అమ్మతో కలిసి చూశాను. అమ్మకు దెయ్యాల సినిమాలు అంతగా గిట్టవు. ఆ రోజు ఎందుకో లేవకుండా కూర్చుంది. నాజియా మీద మంత్రాలు చదివే సీన్లలో నేను దిండు పట్టుకుని కూర్చుంటే, అమ్మ చూపు మాత్రం తల్లి పాత్ర మీదే ఉంది.

"ఆయమ్మ నిద్రపోయి ఎన్ని దినాలైందో చూడు పాపా" అంది.

చిత్రం అయిపోయింది. టీవీ ఆపేశాను. లైటు వేయబోతుంటే వద్దంది.

"నన్ను కూడా అట్ల కూచోబెట్టినారు" అంది.

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పింది. అమ్మకు ఏడేళ్లప్పుడు మా అమ్మమ్మ ఆ పెరటి బావిలో పడి చనిపోయింది. కాలుజారి పడిందని ఇంట్లో చెప్పుకున్నారు. ఊర్లో ఇంకోలా చెప్పుకున్నారు. ఏది నిజమో ఏడేళ్ల పిల్లకు ఎవరు చెబుతారు? తల్లి ఆ బావిలో ఉందన్నది ఒక్కటే ఆ పిల్లకు తెలిసింది. రోజూ పొద్దున బావి గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి వంగి "అమ్మా" అని పిలిచేది. లోపలి నుంచి "అమ్మా" అని పలికేది.

"పలుకుతాండె పాపా. నా మాదిరే పలుకుతాండె."

పెద్దవాళ్లు చూశారు. పిల్లకు తల్లి పట్టుకుందన్నారు. అమ్మను పెంచుతున్న జేజి ఆమెను ఒక ఊరికి తీసుకుపోయింది. ఊరి పేరు అమ్మ చెప్పింది గానీ నేను రాయను. వేపమండలు, పొగ, జుట్టు పట్టుకుని అడగడం... "ఎవరు నువ్వు? పోతావా పోవా?" మూడు వారాలు తిప్పారు. మూడో వారం అమ్మ "పోతాను" అంది. తన నోటితోనే అంది. ఇంటికి వచ్చాక బావి దగ్గరికి పోలేదు. బావిని పలకరించలేదు. ‘అమ్మా’ అన్న మాట మళ్లీ ఎవరినీ అనలేదు.

"దెయ్యం కాదు పాపా. మాయమ్మ. నేను పిలిస్తే వస్తాండె. వాళ్లు పంపించేసిరి."

జేజి మీద కోపం ఉందా అని అడిగాను.

"ఏంటికి కోపం? నేను గూడా బాయిలో పడిపోతానని ఆయమ్మకు భయం. ఒకసారి చూసింది కదా."

యాభై ఏళ్లు దాటిన మాట అది. ఇంత సింపుల్‌గా చెప్పేసి లేచి పాలు వేడిచేయడానికి వెళ్లింది.

పాఠకులారా, నేను ఎన్నో దెయ్యాల సినిమాలు చూశాను. ఎన్నిటి మీదో రివ్యూలు రాశాను. మంత్రగాడు గెలిచి దెయ్యం ఓడిపోతే కథ సుఖాంతం అనుకునేదాన్ని. మంచం మీద కట్టేసిన పిల్ల వైపు నుంచి ఆ సీను ఎలా ఉంటుందో ఏ చిత్రమూ నాకు చూపించలేదు. ఆ పిల్లకు తల్లి రెండోసారి చనిపోయింది, అంతే.

తాళం వేసింది ఎవరు?

ఆ తర్వాత ఈ కథల మొదలు వెతుక్కుంటూ పోయాను. ఇంగ్లీషులో పాడుబడ్డ కోటల నవలలకు పేరు తెచ్చిన రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్. ఆమె 1790లో ‘ఎ సిసిలియన్ రొమాన్స్’ అనే నవల రాసింది. కోటలో ఎవరూ ఉండని ఒక భాగం ఉంటుంది. రాత్రుళ్లు అక్కడ దీపం కదులుతుంది, మూలుగులు వినిపిస్తాయి. దెయ్యమని అందరూ హడలిపోతారు. చివరికి కూతురు జూలియా అక్కడికి చేరుకుని చూస్తే... ఎవరనుకున్నారు? చనిపోయిందని అందరూ నమ్మిన తన కన్నతల్లి! తండ్రే ఆమెను ఏళ్ల తరబడి అక్కడ బంధించి, ఊరికి చావు కబురు చెప్పి, ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

అంటే రెండు వందల ముప్ఫై ఏళ్ల కిందటే ఒక ఆడది ఈ గుట్టు విప్పేసింది. దెయ్యం ఉందన్న గదికి తాళం వేసింది ఎవరో ముందు కనుక్కోండి అని!

1959లో షర్లీ జాక్సన్ ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ రాసింది. 1963లో రాబర్ట్ వైజ్ దాన్ని ‘ది హాంటింగ్’గా తీశాడు. అందులో ఎలినార్ అనే అమ్మాయి మంచం పట్టిన తల్లికి 11 ఏళ్లు సేవ చేస్తుంది. తల్లికి ఏమైనా కావాలంటే గోడ మీద తడుతుంది. చనిపోయిన రాత్రి కూడా తట్టిందేమో, తాను విని కూడా నిద్రపోయిందేమో... ఆ అనుమానం పిల్లను తినేస్తుంది. తర్వాత హిల్ హౌస్‌లో రాత్రిపూట తలుపుల మీద దబదబా చప్పుళ్లు! ప్రేక్షకులకు అది దెయ్యం. ఎలినార్‌కు మాత్రం ఆ చప్పుడు పాతదే. మన ఊళ్లలో మంచం పట్టిన అత్తకో అమ్మకో చాకిరీ చేస్తూ పెళ్లీ పెటాకులూ లేక మిగిలిపోయిన ఆడవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లలో ఎవరినైనా కదిపి చూడండి, ఏ చప్పుడుకు ఉలిక్కిపడి లేస్తారో చెబుతారు.

జపాను చిత్రం ‘డార్క్ వాటర్’ (2002) చూశారా? దర్శకుడు హిదియో నకాతా. విడాకుల గొడవలో ఉన్న తల్లి కూతురితో ఒక పాత అపార్టుమెంటులో దిగుతుంది. కప్పు నుంచి ఒకటే నీళ్లు కారుతుంటాయి. పైన నీళ్ల ట్యాంకులో పడి చనిపోయిన ఒక చిన్నపిల్ల తల్లి కోసం వెతుక్కుంటోంది. ఆఖరికి కన్నకూతుర్ని కాపాడుకోవడానికి ఆ తల్లి దెయ్యం పిల్లకు తల్లిగా ఉండిపోతుంది. మా అమ్మకు ఈ కథ చెబితే, "కప్పులో నుంచి నీళ్లు కారితే మనూర్లో బిందె పెట్టుకుంటారు" అని నవ్వి, కాసేపాగి "ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం" అంది.

అయితే ఒక్క కథ మాత్రం నన్ను కలతపెట్టింది. టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ (1987). అమెరికాలో నల్లవాళ్లు బానిసలుగా ఉన్న రోజుల్లో, 1856లో, మార్గరెట్ గార్నర్ అనే తల్లి తన పిల్ల మళ్లీ బానిస కాకూడదని తన చేతులతోనే చంపేసింది. ఆ నిజం మీద అల్లిన నవల ఇది. చనిపోయిన కూతురు ఏళ్ల తర్వాత పడుచుపిల్లగా తల్లి ఇంటికి తిరిగొస్తుంది. తల్లి సెథే ఆమెకు సేవలు చేస్తూ, క్షమించమంటూ, తిండి మానేసి చిక్కి శల్యమైపోతుంది. అప్పుడు బతికున్న చిన్నకూతురు డెన్వర్ గడప దాటి ఊళ్లోకి వెళ్లి సాయం అడుగుతుంది. ఊరి ఆడవాళ్లు ముప్ఫైమంది కలిసివచ్చి ఆ ఇంటి ముందు నిలబడితే గానీ ఆ తల్లి దక్కదు.

ఇది చదివాక నా లెక్క తప్పింది. దెయ్యాన్ని ఉండనివ్వాలి అని నేను అనుకుంటున్నాను. మరి దాని కోసం ఇల్లు వదలని తల్లి సంగతి? మా అమ్మ ఆ మిద్దెలోంచి కదలదు. మోకాళ్ల నొప్పులు, రాత్రి కరెంటు పోతే తోడు ఎవరూ లేరు. "హైదరాబాదు రామ్మా" అంటే "ఇల్లు బోసిపోతుంది" అంటుంది. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి లేకపోతే ఎవరికి బోసిపోతుంది? నేను ఆ మాట అడగను. అమ్మ చెప్పదు. జేజి భయం ఇప్పుడు నా భయమైంది. అమ్మను దక్కించుకోవాలంటే అమ్మమ్మను మళ్లీ పంపించేయాలా?

దేవతా? దెయ్యమా?

మా కదిరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో గూటిబయలు దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ బుక్కుకు ఎక్కిన చెట్టు. ఐదెకరాలకు దగ్గరగా నీడ పరుచుకున్న ఒకే ఒక్క మాను! పదిహేనో శతాబ్దంలో భర్త చితిపై సహగమనం చేసిన తిమ్మమ్మ చోటనే ఆ చెట్టు మొలిచిందని చెబుతారు. పిల్లలు లేనివాళ్లు అక్కడికి వచ్చి మొక్కుకుంటారు.

ఆలోచించండి. అకాలంగా చనిపోయిన ఆడది. మొగుడి కోసం చనిపోతే పేరంటాలు. పసుపు, కుంకుమ, చీర, గుడి. తనకోసం, తన బాధ భరించలేక చనిపోతే దెయ్యం. వేపమండ, పొగ, సీసాలో బిరడా. ఇద్దరూ ఏదో ఇంట్లో ఒక పిల్లకు తల్లులే అయి ఉంటారు. ఒకామెను ఊరంతా పిలుచుకుంటుంది, ఇంకొకామెను కన్నకూతురు కూడా పిలవకూడదు. ఈ తేడా పెట్టింది యముడు కాదు, ఊరు. మూఢనమ్మకాల మీద అంత ఘాటుగా పద్యాలు చెప్పిన వేమన సమాధి కూడా మాకు దగ్గరే, కటారుపల్లిలో. మేం రెండు చోట్లకీ వెళ్తాం, రెండు చోట్లా కొబ్బరికాయ కొడతాం!

ఈ మధ్య మన చిత్రసీమలో దెయ్యాల కామెడీలు ఎక్కువయ్యాయి. తప్పేం లేదు, నవ్వుకుందాం. కానీ నిర్మాతలకూ, కొత్త దర్శకులకూ కదిరి నుంచి ఒక విన్నపం. వాన సెట్టింగు ఖర్చు లేకుండా మా ఊళ్లో ఒక దెయ్యం సినిమా తీయండి. నడి వేసవి, మిట్ట మధ్యాహ్నం, తెల్లటి ఎండ. ఊరంతా తాళాలు. ఒక మిద్దెలో ఒక పెద్దావిడ. పట్నం నుంచి వచ్చిన కూతురు. పెరట్లో బండ పరిచిన బావి. మంత్రగాడు గుమ్మం దాకా వస్తాడు. అక్కడి నుంచి కథ ఎటు పోవాలో మీ ఇష్టం. ఒక్కటి మాత్రం చేయండి. ‘నువ్వు ఎవరు?’ అని దెయ్యాన్ని అడిగే సీను మంత్రగాడికి ఇవ్వకండి. కూతురికి ఇవ్వండి.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దలకు బట్టలు పెట్టాం. మా ఇంట్లో ఎప్పుడూ తాతకూ జేజికీ మాత్రమే పెట్టేవాళ్లు. ఈసారి నేను ఇంకో చీర తెచ్చాను. అమ్మ ఎవరికని అడగలేదు. ధర ఎంతని అడిగింది. చీర మడత విప్పి, మళ్లీ మడిచి, "రంగు బాగుంది. ఆయమ్మకు పచ్చ అంటే ఇష్టం" అంది. మా అమ్మమ్మ గురించి నాకు తెలిసిన మొదటి విషయం అది. ముప్ఫై ఏళ్లుగా ఆమె పేరు మోస్తున్నాను, ఆమెకు ఏ రంగు ఇష్టమో అప్పుడు తెలిసింది.

మీలో ఎంతమందికి అమ్మమ్మ పేరో, నాయనమ్మ పేరో పెట్టారు? చేతులెత్తండి! ఆమె ఎలా పోయిందో మీకు తెలుసా? ఆమె గురించి ఇంట్లో మాట్లాడుకుంటారా, లేక మాట మారుస్తారా? ఈసారి దెయ్యం సినిమాకు మీ అమ్మను కూడా తీసుకెళ్లండి. టికెట్టు డబ్బులు మీవే పెట్టుకోండి. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కొనిచ్చి, నెమ్మదిగా అడిగి చూడండి.